గుర్రపు లద్దెతో కూరగాయల మడి: కలుపు రాకుండా మాగబెట్టే పద్ధతి, వచ్చేసిన కలుపును వదిలించుకునే దారి

టెక్సస్‌లో డాలస్‌కు ఉత్తరాన ఫ్రిస్కో, ప్రాస్పర్, లిటిల్ ఎల్మ్ వైపు ఇల్లు కొనుక్కున్న తెలుగువాళ్లు పెరట్లో రెండు మడులు కట్టగానే వెతికేది ఎరువు. బస్తా కంపోస్టు కొంటే మడికి పది బస్తాలు కావాలి. పక్కనే డెంటన్ కౌంటీలో, ముఖ్యంగా ఆబ్రీ, పైలట్ పాయింట్ దగ్గర, గుర్రపుశాలలు వరసగా ఉంటాయి. దాదాపు 450 కిలోల గుర్రం మూత్రంతో కలిపి రోజుకు 20 కిలోలకు పైగా లద్దె వేస్తుంది. దాన్ని వదిలించుకోవడం శాలవాళ్లకూ అవసరమే కనుక అడిగితే ట్రక్కులోకి ఉచితంగా ఎత్తేస్తారు.

ఇక్కడి నేలకు అది బాగా పనికొస్తుంది. ఈ ప్రాంతంలో ఎక్కువచోట్ల ఉండేది మన నల్లరేగడి లాంటి నేలే. నేల శాస్త్రం రెండింటినీ వర్టిసాల్స్ అనే ఒకే తరగతిలో పెడుతుంది. తడిస్తే జిగురు, ఎండితే చెయ్యి పట్టేంత బీటలు. పీచు ఎక్కువగా ఉండే లద్దె ఆ మట్టిని గుల్ల చేస్తుంది. కానీ చాలామందికి మొదటి ఏడాదే చేదు అనుభవం మిగులుతుంది. మార్చిలో లద్దె కలుపుతారు, ఏప్రిల్లో బెండ గింజలు పెడతారు, మే వచ్చేసరికి బెండ మొక్క ఏదో, కలుపు మొక్క ఏదో తెలియదు. మడి మీద విసుగొచ్చి వదిలేసినవాళ్లు కూడా ఉన్నారు.

అలా వదిలేయనక్కర్లేదు. లద్దెలోని కలుపు గింజలను చంపేది వేడి. ఎన్ని నెలలు నిలవ ఉందన్నది ముఖ్యం కాదు, కుప్పలోని ప్రతి పిడికెడుకూ ఆ వేడి తగిలిందా లేదా అన్నదే ముఖ్యం. "ఏడాది పాత ఎరువండీ, బాగా మాగింది" అని శాలవాళ్లు నిజాయితీగానే చెబుతారు. ఏడాదిపాటు కదల్చకుండా వదిలేసిన కుప్ప నడిమి భాగం నల్లగా, మట్టి వాసనతో చక్కగా ఉంటుంది కూడా. కానీ దాని పైపొర ఎప్పుడూ వేడెక్కలేదు. పైగా ఆ ఏడాదంతా కుప్ప మీద మొలిచిన కలుపు అక్కడే గింజ రాల్చింది. అందుకే పాత కుప్పలో కలుపు గింజలు కొత్తదానికంటే ఎక్కువ ఉన్నా ఆశ్చర్యం లేదు.

గుర్రం లద్దెలో గింజలు ఎందుకు బతుకుతాయి

ఆవు, గేదె నెమరు వేస్తాయి. మేసిన గడ్డి మళ్లీ నోట్లోకి వచ్చి నలుగుతుంది, పొట్టలో చాలాసేపు పులుస్తుంది. గుర్రం నెమరు వేయదు. మేత పొట్టలోంచి తొందరగా దాటిపోయి, వెనక పేగుల్లో పులిసి, రెండు మూడు రోజుల్లో బయటికి వచ్చేస్తుంది. గట్టి పెంకు ఉన్న చిన్న గింజలు పళ్ల మధ్య నలగకుండా జారిపోతాయి. పశువుల పేడలోనూ కలుపు గింజలు ఉంటాయి, లేవని కాదు. గుర్రం దగ్గర మొలకెత్తే శక్తితో బయటపడేవి ఎక్కువ.

గుర్రం తినని గడ్డి కూడా లద్దెలో కలుస్తుందన్న సంగతి మరిచిపోకూడదు. మేత తొట్టి కింద రాలిన పోచలు, కంకులు, పడుకోవడానికి పరిచిన గడ్డి అన్నీ ఒకే పారతో ఎత్తి కుప్పలో వేస్తారు. ఈ గింజలకు పొట్టలో పడే శిక్ష కూడా ఉండదు.

మొదటి పని: ట్రక్కు ఎక్కించే ముందు అడగాల్సినవి

గుర్రాలు ఏ గడ్డి తింటున్నాయో ముందు అడగండి. టెక్సస్‌లో ఎక్కువగా వేసేది కోస్టల్ బెర్ముడా ఎండుగడ్డి. బెర్ముడా అంటే మనం వినాయకుడికి పెట్టే గరికే, అందులో ఒక సంకర రకం. కోస్టల్ రకానికి మొలకెత్తే గింజ దాదాపు ఉండదు, రైతులు దాన్ని కాడ ముక్కలు నాటి పెంచుతారు. కాబట్టి శుభ్రమైన కోస్టల్ గడ్డి తిన్న గుర్రం లద్దెలోంచి గరిక మొలవదు. అదే చేలో కోస్టల్‌తో పాటు పెరిగిన క్రాబ్‌గ్రాస్, జాన్సన్ గడ్డి, పిచ్చి తోటకూర, కాళ్లకు గుచ్చుకునే గ్రాస్‌బర్ గింజలు మాత్రం వస్తాయి. అల్ఫాల్ఫా, అంటే మన దగ్గర లూసర్న్, తినే గుర్రాలైతే ఒకసారి పంటను అల్లుకుని దాని రసం పీల్చే బంగారు తీగ గురించి కూడా ఆలోచించాలి. లూసర్న్ చేలకు అది పాత శత్రువు, దాని గింజ పెంకు చాలా గట్టిది. కృష్ణా, గుంటూరు జిల్లాల్లో వరి మాగాణి మినుములో బంగారు తీగ చేసే నష్టం చూసినవాళ్లకు దీని గురించి వేరే చెప్పక్కర్లేదు.

గుర్రాలు శాలలోనే ఉంటాయా, పచ్చికలో తిరుగుతాయా అన్నది రెండో ప్రశ్న. పచ్చికలో మేసే గుర్రం కంకి కట్టిన కలుపును కూడా మేస్తుంది. శాలలో కట్టేసిన గుర్రాల లద్దె కాస్త నయం.

కింద ఏం పరుస్తారో కూడా తెలుసుకోండి. ఇక్కడ ఎక్కువగా పైన్ చెక్క పొట్టు పరుస్తారు. అది కలుపు తేదు, కానీ కుప్ప వేడెక్కకుండా చేస్తుంది. దాని సంగతి తరవాత.

అన్నిటికంటే ముఖ్యమైన ప్రశ్న ఇది: ఆ ఎండుగడ్డి పండిన చేలో కలుపు మందు కొట్టారా? గడ్డి చేలల్లో వెడల్పాకు కలుపుకు వాడే అమినోపైరాలిడ్, క్లోపైరాలిడ్, పిక్లోరామ్ అనే మందులు గుర్రం పొట్టలో కరగవు. లద్దెలోకి యథాతథంగా వస్తాయి, కంపోస్టు వేడికి కూడా త్వరగా పోవు. బ్రిటన్‌లో ఇలాంటి ఎరువు వల్ల ఇంటి తోటల్లో టమాటా, చిక్కుడు దెబ్బతిని, 2008లో అమినోపైరాలిడ్ అమ్మకాలు కొంతకాలం ఆపేశారు. శాలవాళ్లకు జవాబు తెలియకపోవచ్చు, గడ్డి ఎక్కడినుంచో కొంటారు కదా. అయినా అడగండి. కలుపు పోచ ఒక్కటీ లేని ఎండుగడ్డి చూసి సంతోషపడకండి, అంత శుభ్రంగా ఉండటానికి మందే కారణం కావచ్చు. కలుపుతో ఉన్న లద్దెను వేడితో బాగుచేసుకోవచ్చు. మందు ఉన్న లద్దె విషయంలో మనం చేయగలిగింది ఏమీ లేదు. నాకు ఈ రెండిట్లో ఒకటి ఎంచుకోమంటే కలుపునే ఎంచుకుంటాను.

కుప్ప చుట్టూ కూడా ఒకసారి తిరగండి. దాని మీదా అంచుల్లోనూ కంకులు కట్టిన గడ్డి, ముళ్ల తోటకూర నిలబడి ఉంటే వెనకవైపు పాత భాగం వద్దనండి. వారంలోపు వేసిన తాజా లద్దె అడగండి. తాజాది దుర్వాసన అని చాలామంది వెనకాడతారు గానీ, వేడెక్కే శక్తి ఉన్నది తాజా లద్దెకే.

రెండో పని: ఒక బకెట్ తెచ్చి పరీక్ష

ట్రక్కు నిండా తెచ్చే ముందు ఒక బకెట్ తెచ్చుకోండి. కుప్పలో ఒకేచోట కాకుండా పైనుంచి, పక్కనుంచి, లోపలినుంచి కొంచెం కొంచెం తీసి కలపాలి.

ఒక వెడల్పు ట్రేలో రెండంగుళాల మందాన లద్దె పోసి, తడిపి, 25 నుంచి 30 డిగ్రీల సెల్సియస్ ఉండేచోట మూడు వారాలు ఆరకుండా ఉంచండి. పిచ్చి తోటకూర గింజలకు వెలుతురు కావాలి, కాబట్టి చీకటి గదిలో పెట్టొద్దు. మొలకలను ఏ రకమైనా సరే లెక్కపెట్టి పీకేయండి. ఒకసారి కలియబెట్టి ఇంకో వారం చూడండి. మొలకలు లేకపోతే పూర్తిగా నమ్మకూడదు, కొన్ని గింజలు నిద్రలో ఉండిపోతాయి. మొలకలు గుంపుగా వస్తే మాత్రం అనుమానం అక్కర్లేదు.

మందు పరీక్ష కూడా అదే సమయంలో చేయండి. మూడు కుండీల్లో సగం లద్దె, సగం కొన్న పాటింగ్ మిక్స్ కలపండి. ఇంకో మూడు కుండీల్లో పాటింగ్ మిక్స్ ఒక్కటే. అన్నిట్లో బీన్స్ గింజలు పెట్టి, ఒకదాని నీరు ఇంకోదానిలోకి పోకుండా విడి పళ్లాలు పెట్టండి. మూడు వారాలకు కొత్త ఆకులు చూడండి. లద్దె కుండీల్లో మాత్రమే ఆకులు దొప్పల్లా ముడుచుకుని, కాడలు మెలితిరిగితే ఆ శాల లద్దె కూరగాయలకు వద్దు. టమాటా, వంగ, మిరప, చిక్కుడు అన్నీ దెబ్బతింటాయి.

మూడో పని: కుప్ప వేయడం

కుప్ప పొడవు, వెడల్పు, ఎత్తు మూడేసి అడుగులకు తగ్గకూడదు. అంతకంటే చిన్నదైతే వేడి నిలవదు. నాలుగడుగులైతే ఇంకా మంచిది. మూడడుగుల తొట్టి అంటే ఒక క్యూబిక్ యార్డు. పెద్ద పికప్ ట్రక్కులో సుమారు రెండు యార్డులు పడతాయి, కాబట్టి ఒక ట్రక్కు లద్దెకు రెండు తొట్లు కావాలి. చెక్క ప్యాలెట్లు నాలుగు నిలబెట్టి తీగతో కడితే తొట్టి తయారు. తిరగేయడానికి పక్కన ఒక ఖాళీ తొట్టి కూడా ఉండాలి. మీ కాలనీ హెచ్‌ఓఏ (ఇళ్ల యజమానుల సంఘం) నియమాల్లో కంపోస్టు గురించి ఏముందో ముందే చదువుకోండి. కంచెకు ఆనించి పెడితే పక్కింటివాళ్లకు ఈగలు, వాసన.

అడుగున మందపాటి అట్టపెట్టెలు విప్పి పరవండి. లేకపోతే కింది నేలలోని గరిక, తుంగ కుప్పలోకి పాకుతాయి.

ఇప్పుడు చెక్క పొట్టు సంగతి. కుప్ప బాగా వేడెక్కాలంటే కర్బనం, నత్రజని 25 లేదా 30కి 1 పాళ్లలో ఉండాలి. తాజా లద్దె ఒక్కటే అయితే దాదాపు ఆ పాళ్లలోనే ఉంటుంది. చెక్క పొట్టులో కర్బనం వందల్లో ఉంటుంది, కాబట్టి పొట్టు ఎక్కువైతే కుప్ప చల్లగా పడి ఉంటుంది. ఇది కలుపు సమస్యకు అసలు మూలాల్లో ఒకటి, ఎవరూ పెద్దగా పట్టించుకోనిది. కంటికి సగానికి పైగా పొట్టే కనిపిస్తుంటే నత్రజని కలపాలి. పచ్చి లాన్ గడ్డి, కాఫీ పిప్పి, కూరగాయల తొక్కలు, లేదా టెక్సస్‌లో ఫీడ్ స్టోర్లలో దొరికే పత్తి గింజల పిండి, ఏదైనా సరే. నేను రెండు పాళ్లు పొట్టు లద్దెకు ఒక పాలు పచ్చి గడ్డి పొరలుగా వేస్తాను. లాన్‌కు వీడ్ అండ్ ఫీడ్ (కలుపు మందు కలిసిన ఎరువు) చల్లి ఉంటే ఆ గడ్డి మాత్రం వద్దు. బెర్ముడా లాన్ గడ్డిలో కణుపులున్న కాడ ముక్కలు ఉంటాయి కనుక దాన్ని అంచుల్లో కాకుండా నడిమిలో వేయండి.

పొర వేసిన ప్రతిసారీ తడపండి. పిడికిట పట్టి పిండితే వేళ్ల సందుల్లోంచి ఒకటి రెండు చుక్కలు రావాలి. ధారగా కారితే ఎక్కువ, పొడిగా విడిపోతే తక్కువ. ఈ తడి కుప్ప వేడెక్కడానికి ఎంత ముఖ్యమో కలుపు గింజలు చావడానికి కూడా అంతే ముఖ్యం. పొడిగా ఉన్న గింజ ఎక్కువ వేడిని తట్టుకుంటుంది, నీరు పీల్చి ఉబ్బిన గింజ అదే వేడికి చచ్చిపోతుంది. టెక్సస్ ఎండకు, గాలికి కుప్ప పైపొర ఒక్క రోజులో ఆరిపోతుంది. పైన అట్ట వేసి, టార్పాలిన్ కప్పండి. ఊపిరాడటానికి పక్కలు తెరిచి ఉంచండి.

చేతులకు గ్లోవ్స్ తప్పనిసరి. గుర్రం లద్దెలో ధనుర్వాతం కలిగించే క్రిములు ఉండొచ్చు. టెటనస్ బూస్టర్ తీసుకుని పదేళ్లు దాటితే ముందు అది వేయించుకోండి.

నాలుగో పని: వేడి చూడటం, తిరగేయడం

పని అంతా ఇక్కడే ఉంది. చాలామంది ఇక్కడే బద్ధకిస్తారు కూడా.

20 అంగుళాల కాడ ఉన్న కంపోస్టు థర్మామీటర్ ఒకటి కొనండి. రెండు నుంచి నాలుగు రోజుల్లో నడిమి భాగం 131 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే 55 సెల్సియస్ దాటాలి. అమెరికా సేంద్రియ వ్యవసాయ నిబంధనలు బయట కుప్పలకు పెట్టిన కొలత ఇదే: 131 నుంచి 170 ఫారెన్‌హీట్ మధ్య 15 రోజులు ఉండాలి, ఆ 15 రోజుల్లో కనీసం 5 సార్లు తిరగేయాలి. అది ప్రధానంగా రోగక్రిముల కోసం పెట్టిన నియమం. కలుపు గింజల కోసం నేను 145 ఫారెన్‌హీట్, అంటే 63 సెల్సియస్ దగ్గర కొన్ని రోజులైనా ఉండేలా చూస్తాను. ఆ వేడిలో ఎక్కువ రకాల గింజలు చచ్చిపోతాయి. ఫీల్డ్ బైండ్‌వీడ్ లాంటి ఒకటి రెండు మొండి రకాలు అప్పటికీ మిగలొచ్చు. 160 దాటితే మాత్రం తిరగేసి కాస్త చల్లార్చండి, లేకపోతే పని చేసే సూక్ష్మజీవులు కూడా పోతాయి.

థర్మామీటర్ లేకపోతే ఇనుప కడ్డీ ఒకటి నడిమికి గుచ్చి పది నిమిషాలు ఉంచి తీయండి. అరచేత్తో పట్టుకోలేనంత కాలితే వేడి చాలు. గోరువెచ్చగా ఉంటే తడి తక్కువో, నత్రజని తక్కువో అయివుంటుంది.

తిరగేయడమంటే పారతో నాలుగుసార్లు కలిపి వదిలేయడం కాదు. కుప్పలో నడిమి భాగం 145 ఉన్నప్పుడు అంచులు 90 దగ్గర ఉంటాయి. ఆ అంచులో ఉన్న గింజలు ఎంతకాలమైనా బతికే ఉంటాయి. అంచు ఆరంగుళాలే కదా అనిపిస్తుంది కానీ, మూడడుగుల తొట్టిలో అన్ని వైపులా ఆరంగుళాల పొర అంటే మొత్తం సరుకులో సగానికి పైగా అదే. అందుకే తిరగేసేటప్పుడు ఈ క్రమం పాటించండి:

ముందు కుప్ప పైనుంచి, నాలుగు పక్కలనుంచి ఆరంగుళాల పొర చెక్కి ఒక టార్పాలిన్ మీద వేరుగా పోయండి. తొట్టికి ఒకవైపు ప్యాలెట్ విప్పితే ఇది తేలిక. తరవాత వేడిగా ఉన్న నడిమి సరుకులో కొంత తీసి పక్క తొట్టి అడుగునా, అంచుల వెంటా పరవండి. టార్పాలిన్ మీద పోసిన చల్లటి పొరను తడిపి, సరిగ్గా నడిమిలో వేయండి. మిగిలిన వేడి సరుకును పైన కప్పండి. పాత తొట్టి మూలల్లో అంటుకున్నదాన్ని కూడా గీకి నడిమిలోనే పడేయండి.

పెద్ద తొట్టికి గంటకు పైగా పడుతుంది, చెమట పడుతుంది. వేడి మూడు రోజులు నిలిచాక ఒకసారి, మళ్లీ మూడు రోజులకు ఒకసారి, అలా ఐదుసార్లు. ప్రతిసారీ తడి చూడండి. నాలుగోసారికి వేడి మందగిస్తే ఒక బకెట్ పచ్చి గడ్డో, రెండు డబ్బాల పత్తి గింజల పిండో నడిమిలో చల్లితే మళ్లీ ఎక్కుతుంది. ఇంట్లో ఊరినుంచి వచ్చిన పెద్దవాళ్లుంటే ఈ పనిలో వాళ్ల చేయి, కన్ను రెండూ అక్కరకొస్తాయి. పెంటకుప్ప ఎప్పుడు ఊపిరాడక కుళ్లుతోందో వాళ్లు వాసన చూసి చెప్పేస్తారు.

ఐదో పని: చల్లార్చి మాగబెట్టడం

వేడి దశ అయిపోయాక రెండు మూడు నెలలు కుప్పను కదల్చకుండా ఉంచాలి. ఈ కాలమంతా పైన కప్పు తీయొద్దు. గాలికి కొట్టుకొచ్చే గింజలు, పిట్టలు వేసే గింజలు మాగిన ఎరువు మీద పడితే ఇంతవరకు చేసినదంతా వృథా. చివరికి కుప్ప సగానికి తగ్గిపోతుంది, లద్దె ఉండలు కనిపించవు, అడవి మట్టి వాసన వస్తుంది.

అప్పుడు ముందు చేసిన ట్రే పరీక్ష మళ్లీ చేయండి. ఈసారి సరుకును అంచులనుంచే ఎక్కువగా తీయండి. ఒకటీ అరా మొలకలొస్తే వాడుకోవచ్చు. పదుల్లో వస్తే మళ్లీ తడిపి, నత్రజని కలిపి, ఇంకో విడత వేడెక్కించండి, లేదా ఆ ఎరువును చెట్ల కింద మందపాటి మల్చ్ (నేల మీద కప్పుగా పరిచే ఆకులు, చెక్క పొట్టు) అడుగున వేయండి.

మడిలో ఎలా వేయాలి

అంగుళం మందాన చాలు. నాలుగంగుళాలు వేస్తే నాలుగింతలు కాపు రాదు, నేలలో భాస్వరం మాత్రం పేరుకుంటుంది. పై మూడు నాలుగు అంగుళాల మట్టిలో కలిపి, పైన ఆకులతోనో, గింజలేని ఎండు వరిగడ్డితోనో కప్పండి. కలుపు గింజ ఒకటి రెండు మిగిలినా వెలుతురు అందక ఆగిపోతుంది.

పైన చెప్పినట్టు వేడెక్కించని పచ్చి లద్దె అయితే లెక్క వేరు. అమెరికా సేంద్రియ నిబంధనల ప్రకారం, తినే భాగం మట్టికి తగిలే పంటలకు పచ్చి ఎరువు వేశాక 120 రోజులు, తగలని పంటలకు 90 రోజులు గడిచాకే కోయాలి. కొత్తిమీర, మెంతి, పాలకూర, ముల్లంగి అన్నీ 120 రోజుల కిందికి వస్తాయి. ఇంటి తోటకు చట్టం వర్తించకపోయినా, పచ్చిగా నమిలే కొత్తిమీర విషయంలో నేను ఆ నియమం దాటను.

మడిలో ఇప్పటికే కలుపు ముంచెత్తితే

ముందు ఏ కలుపో చూడండి. అన్నిటికీ లద్దెను నిందించడం సరికాదు, అన్నిటికీ విరుగుడూ ఒకటే కాదు.

తుంగ గడ్డి అయితే అది లద్దెలోంచి రాలేదు. తుంగ గడ్డల ద్వారా పాకుతుంది, మీ నేలలోనో, కొని పోయించిన మట్టిలోనో ముందే ఉంది. కాడ చేత్తో తిప్పి చూస్తే మూడు పలకలుగా ఉంటుంది. తవ్వి గడ్డతో సహా తీయాలి, పైన తెంపితే మళ్లీ వస్తుంది. పక్క లాన్ లోంచి పాకే గరిక కూడా లద్దె తప్పు కాదు. మడి చుట్టూ ఒక పార వెడల్పు గాడి తవ్వి ఖాళీగా ఉంచితే, దాటబోయే కాడలు కంటికి కనిపిస్తాయి. జాన్సన్ గడ్డికి గింజా ఉంది, నేలలో పాకే దుంప వేరూ ఉంది. ఇది జొన్న జాతిది, లేత మొలకలో అచ్చం జొన్నలాగే ఉంటుంది. మూడు వారాల్లోపు పీకితే వేరు పాకదు. ఆలస్యమైతే ఆ వేసవంతా దానితోనే సరిపోతుంది.

పిచ్చి తోటకూర, క్రాబ్‌గ్రాస్, గంగపాయల, పల్లేరు మాత్రం గింజ కలుపు. వీటిలో చాలావరకు లద్దెతోనో, పాత గింజల నిల్వనుంచో వస్తాయి. పామర్ తోటకూర మొక్క ఒక్కటి గింజకు వస్తే లక్షల్లో రాలుస్తుంది. అందుకని పెరట్లో అన్ని పనులూ ఆపైనా సరే, కంకి వేసిన మొక్కను ఆ రోజే పీకి సంచిలో కట్టి చెత్తలో వేయండి. పీకి మడి గట్టు మీద పడేస్తే అక్కడే గింజ ముదురుతుంది.

ఈ మొలకలు పప్పులో వేసుకోవచ్చా అని మన వాళ్లు తప్పక అడుగుతారు. లేత తోటకూర, గంగపాయల తినేవే. పచ్చి లద్దె వేసిన మడిలోవి మాత్రం వద్దు. 120 రోజుల నియమం వాటికీ ఉంది, పైగా ఎరువు ఎక్కువైనచోట తోటకూర జాతి ఆకుల్లో నైట్రేట్ పేరుకుంటుంది. గంగపాయల అనుకుని కోసిన కాడను తెంపినప్పుడు పాలు కారితే అది స్పర్జ్, మన రెడ్డివారి నానబాలు కుటుంబానిది. తినకూడదు.

గింజ కలుపుకు నాకు బాగా నచ్చిన పద్ధతి దాన్ని ముందే మొలిపించి చంపడం. పంట వేయడానికి నెల ముందు మడి చదును చేసి, ఏమీ నాటకుండా రోజూ తడపండి. పది రోజుల్లో పచ్చగా మొలుస్తుంది. రెండాకుల దశలో, ఎండ ఉన్న పూట, దోకుడు పారతో అంగుళం లోతుకు మించకుండా గీకేయండి. లోతుగా తవ్వితే కింద నిద్రపోతున్న కొత్త గింజలు పైకి వస్తాయి. మళ్లీ తడిపి, మళ్లీ గీకండి. రెండు విడతల తరవాత పైపొరలో మొలిచే గింజ చాలా తగ్గిపోతుంది. అప్పుడు మట్టి కదపకుండా నారు నాటండి, లేదా సన్నటి గీత గీసి బెండ, గోంగూర గింజలు పెట్టండి.

కలుపు మరీ దట్టంగా ఉంటే ఆ మడిని ఒక వేసవి వదులుకోండి. జూన్ మధ్యలో గడ్డి కోసేసి, మట్టిని లోతుగా తడిపి, పారదర్శకమైన ప్లాస్టిక్ షీటు నేలకు ఆనేలా పరచి, అంచులు మట్టితో పూడ్చేయండి. నల్ల షీటు కాదు, వెలుతురు లోపలికి పోయేదే కావాలి. డాలస్ ఎండలకు ఆరు వారాల్లో పై రెండు మూడు అంగుళాల మట్టిలో గింజలు చాలావరకు చచ్చిపోతాయి. లోతుగా ఉన్న తుంగ గడ్డలకు, గరిక వేళ్లకు ఇది చాలదు. షీటు తీశాక తవ్వకుండా సెప్టెంబర్ చివర్లో మెంతి, పాలకూర, కొత్తిమీర చల్లుకోవచ్చు.

పంట ఇప్పటికే నిలబడి ఉంటే ఆ పద్ధతులేవీ కుదరవు. మొక్కల మధ్య తడి అట్టలు రెండు పొరలు అంచులు కలిసేలా పరచి, పైన ఆకులు మూడంగుళాలు వేయండి. మొక్క మొదట్లో ఉన్నది చేత్తో పీకాల్సిందే. వాన పడిన మర్నాడు నల్ల మట్టి పదును మీద ఉన్నప్పుడు పీకితే వేరుతో వస్తుంది, ఎండితే కాడ తెగిపోతుంది.

ఏ నెలలో ఏం చేయాలి

ఇక్కడ చివరి మంచు మార్చి మధ్యలో పోతుందని లెక్క పెట్టుకోండి. బకెట్ పరీక్ష ఆగస్టులో చేసి, సెప్టెంబర్ చివర్లో లద్దె తెచ్చుకుంటే, అక్టోబర్ చల్లదనంలో తిరగేయడం శరీరానికి తేలిక. నవంబర్‌నుంచి జనవరి వరకు కప్పి మాగబెట్టండి. ఫిబ్రవరి మొదట్లో ఇంట్లో కిటికీ దగ్గర ట్రే పెట్టి మొలకలు చూడండి. ఆ నెలాఖరుకు మడిలో అంగుళం వేసి కలిపి, మొలిపించి గీకే పని మొదలుపెట్టండి. మార్చి చివర టమాటా, ఏప్రిల్ మధ్యలో నేల వెచ్చబడ్డాక బెండ, గోంగూర, సొర. వసంతంలో లద్దె తెచ్చి వసంతంలోనే వేయాలనుకుంటే ఆ ఏడాదికి కంపోస్టు బస్తాలే కొనుక్కోండి, లద్దెను తొట్టిలో వేసి వచ్చే ఏడాదికి సిద్ధం చేసుకోండి.